డిసెంబరు కచ్చేరీలు - మన డ్యూటీ చార్టు

ఏటా డిసెంబరు నడిమి నుండి చెన్నపట్నపు సభలలో కచ్చేరీల సందడి మొదలవుతుంది. 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన అఖిల భారత సంగీత సమావేశమే 1928లో మ్యూజిక్ అకాడమీ స్థాపనకు దారితీసింది. జాతీయోద్యమపు నీడన పుట్టిన ఉత్సవమిది. అక్కడ త్యాగరాజ కృతులు తెలుగులోనే మ్రోగుతున్నవని మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

అయితే వినేవారెవరు? పేరుమోసిన విద్వాంసుల కచ్చేరీలు సాయంకాలం, టిక్కెట్టుపై. యువ కళాకారులు పాడే మధ్యాహ్నపు కచ్చేరీలు అనేక సభలలో ఉచితమే. కాని ఆ వేళకు బుకింగు గుమాస్తా కౌంటరులోను, పోస్టుమాన్ బీటులోను ఉంటారు. ఇతరులకు పండుగ సెలవులైన కాలం రైల్వే కార్మికునికి ప్రత్యేక రైళ్ల కాలం. సెలవు అడిగినా దొరకని కాలం.

కచ్చేరీ కూడా కార్మిక సమస్యేనా అని కొందరు మిత్రులు నవ్వవచ్చును. ఎనిమిది గంటల పనిదినం కోరినది మిగిలిన గంటలలో మనుషులుగా బ్రతకడానికే కదా!

రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో వేదికలున్నవి. ఒకప్పుడు నాటకాలతో కళకళలాడినవే. ఆ యువ కళాకారులనే రాత్రి ఎనిమిదిన్నరకు, షిఫ్టు దిగినవారి కొరకు, అక్కడ పాడించవచ్చును. తపాలా సోదరులనూ కుటుంబాలతో ఆహ్వానించవచ్చును. పారితోషికం మాత్రం ఎగవేయరాదు, గాయకుడూ శ్రమజీవే. స్టాఫ్ బెనిఫిట్ ఫండు నుండి సాంస్కృతిక కార్యక్రమాలకు ఖర్చు చేసే వీలున్నది. శాఖా కార్యదర్శులు డిసెంబరు వరకు ఆగక, ఇప్పుడే హాలు కొరకు, నిధుల కొరకు వ్రాతపూర్వకంగా కోరవలెను.