రాతిపొడియు మాతృభాషయు

చూలై యను తమిళ పదమునకు ఇటుకల ఆవమని అర్థము. నాటి యిండ్లకు ఆవమెట్టిదో, నేటి కాంక్రీటు మేడలకు కంకర మిల్లు అట్టిది. మన వీథులలో లారీలు దింపిన కంకర కుప్పలను చూడని విద్యార్థి యుండడు. తమిళ సోదరులు దానినే జల్లి యందురు. అది యెట్లు తయారగునో ఎరిగినవారు మాత్రము కొందరే.

కొండను మందు పెట్టి ప్రేల్చి, ఆ బండలను మొదట దవడ యంత్రమున వేయుదురు. కదలని ఇనుప పలకకును, ఊగులాడు పలకకును నడుమ రాయి నలిగి చీలును. ఇట్టి యంత్రమునకు అమెరికాలో ఎలీ విట్నీ బ్లేక్ 1858లో పేటెంటు పొందెను. ఆ ముక్కలను రెండవ యంత్రము మఱింత చిన్నవి చేయును. పిదప అదరుచుండు జల్లెడలు 40, 20, 12 మిల్లీమీటర్ల కంకరగా వేరుచేయును. జల్లెడ దిగని రాళ్లు మరల యంత్రమునకే పోవును. అన్నిటికంటె అడుగున రాలునది పొడి.

ఆ పొడియే మా విచారమునకు కారణము. మన పల్లావరపు రాయి లోకప్రసిద్ధము. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధిరాతిని పరిశీలించి, ఈ జాతి శిలకు 1893లో హాలండ్ అను శాస్త్రజ్ఞుడు చార్నొకైట్ అని పేరిడెను. ఈ శిలలో క్వార్ట్జ్ కలదు. దాని నలుగగొట్టిన లేచు సన్నని సిలికా ధూళి కంటికి కానరాక ఊపిరితిత్తుల లోతునకు చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఒకసారి సోకినచో దానిని నయము చేయు మందు లేదు.

నివారణము మాత్రము కలదు. నీరు చిమ్ముట, యంత్రములకును జల్లెడలకును మూతలు బిగించుట, గాలికి అడ్డుగోడ కట్టుట అందులకు మార్గములు. యంత్రముల చెంత గాలిలో ధూళి ఘనపు మీటరునకు 600 మైక్రోగ్రాములు మించరాదని ప్రభుత్వ నిబంధనయు కలదు. ఇవన్నియు చేసినచో కంకర ధర పెరుగునని కొందరందురు. పెరుగవచ్చును. కాని నేడు ఆ వ్యత్యాసమును కూలివాడు తన ఊపిరితో చెల్లించుచున్నాడు గదా!

తమిళనాట తరతరములుగా రాతిపని చేయు వడ్డెరలలో అనేకుల ఇంటిమాట తెలుగు. ఒరియా, హిందీ మాటలాడు కూలీలును నేడు వచ్చుచున్నారు. హెచ్చరిక పలక పనివానికి తెలియని భాషలో నున్నచో, అది పలక యుండియు లేనట్లే. కావున ప్రతి మిల్లునందును పనివారు ఎరిగిన భాషలలో హెచ్చరికలు వ్రాయవలెననియు, చదువురానివారికి నోటిమాటతో బోధింపవలెననియు మేము కోరుచున్నాము.

మాతృభాషలో చదువుట యెంత మేలో మనము బడిలో ఎరుగుదుము. ఆ మేలు బడి గోడలు దాటి, కొండ చెంత రాయి కొట్టువానికిని అందవలదా? ఇల్లు కట్టించు తలిదండ్రులారా, కంకర ధరతోపాటు, అది వచ్చిన చోట నీరు చిమ్ముచున్నారా యనియు ఒక్కమాట అడుగుడు.