పొక్కులు గుత్తులుగా లేచినప్పుడు



అమలాపురానికి దగ్గరలోని ఒక లంక గ్రామం నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్ల మీదనే ఉన్నది. పేరు వేయవద్దని కోరింది గనుక వేయడం లేదు. ఆమెకు నాలుగేళ్ల కొడుకు. ఆరు నెలల వయసు నుండి వాడికి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక, మెడ మీద ఎగ్జిమా. రాత్రిళ్లు గీరుకుంటూ ఏడుస్తాడు. మొన్న వర్షాకాలంలో ఒక రోజు జ్వరం తగిలింది. మర్నాటికి బుగ్గల మీద, మెడ మీద ఆవగింజలంత నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేచాయి.

అత్తగారు చూసి, "అమ్మవారు పోసింది, మందు వేయకూడదు" అన్నారు. మందుల షాపులో "తామర ముదిరింది" అని ఒక ట్యూబు ఇచ్చారు. సంఘంలో ఒక సహోదరి, "ప్రార్థన చేసిన నూనె రాయండి, డాక్టరు దగ్గరికి పరుగెత్తితే ఇక విశ్వాసమెక్కడుంది?" అన్నదట. ఇలా మూడు రోజులు గడిచాయి. నాల్గవ రోజు కన్ను వాచి మూసుకుపోయింది. అప్పుడు తండ్రి బిడ్డను మోటారు సైకిలు మీద అమలాపురం తీసుకొని వెళ్లాడు. దేవుని కృప వలన బిడ్డ కోలుకున్నాడు, చూపు దక్కింది. ఉత్తరం చివర ఆమె అడిగినవి రెండే మాటలు: "అయ్యా, నేను ఆసుపత్రికి వెళ్లడం తప్పా? ఇది మళ్లీ వస్తుందా?"

తప్పు కాదమ్మా. మూడు రోజుల ముందే వెళ్లవలసింది.

మీ బిడ్డకు వచ్చినదానికి డాక్టర్లు పెట్టిన పేరు ఎగ్జిమా హెర్పెటికం. వియన్నా నగరంలో కపోసి అనే చర్మ వైద్యుడు 1887లోనే దీనిని వర్ణించాడు. చూడటానికి ఆటలమ్మ వలె ఉంటుంది గనుక ఆయన కూడా దానికి ఆ పోలికతోనే పేరు పెట్టాడు. కాబట్టి మీ అత్తగారు పొరపాటు పడ్డారంటే ఆమెను నవ్వవలసిన పని లేదు. ఆ తరం వారు మశూచిని కళ్లారా చూసినవారు. మన దేశంలో 1975 తరువాత మశూచి లేదు, 1980లో లోకమంతటా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. జబ్బు పోయినా భయం మాత్రం మన వాకిళ్లలో వేపమండలుగా మిగిలిపోయింది. విశ్వాసుల ఇళ్లలోనూ చూశాను, దాచడమెందుకు?

ఈ జబ్బుకు కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. ఆ పేరు వినగానే కొందరు చెడు నడత వలన వచ్చేదని ముఖం చిట్లిస్తారు. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. పిల్లలకు ఇలా వచ్చేది ఎక్కువగా మొదటి రకం. జలుబు చేసినప్పుడో జ్వరం తగిలినప్పుడో పెద్దవాళ్లకు పెదవి అంచున నీటి పొక్కు లేస్తుందే, "మూతి పేలింది" అంటామే, అదే ఇది. పెద్దవాళ్లలో ఎక్కువమంది ఒంట్లో ఈ వైరస్ చిన్ననాటి నుండే నిద్రపోతూ ఉంటుంది. మూతి పేలినవారు ముద్దు పెట్టుకుంటే బిడ్డకు అంటుతుంది. మామూలు బిడ్డకైతే నోరు పూసి పోవచ్చు, ఒక్కోసారి ఏమీ తెలియకుండానే పోవచ్చు. ఎగ్జిమా బిడ్డ సంగతి వేరు. వాడి చర్మం నెర్రెలు పడిన గట్టు వంటిది. గట్టు బాగున్నప్పుడు కాలువ నీరు కాలువలోనే పోతుంది. నెర్రె ఉన్నచోట చేనంతా మునుగుతుంది. వైరస్ ఆ పగుళ్లలో దిగి, గీరుకున్న గోళ్లతో పాటు ఒకచోటి నుండి మరొకచోటికి పాకిపోతుంది.

మరి ఎగ్జిమా ముదిరిందో, ఇది వచ్చిందో తల్లికి తెలిసేదెట్లా? ఎగ్జిమా దురద పెడుతుంది, ఇది నొప్పి పెడుతుంది. రోజూ గీరుకునే బిడ్డ ఉన్నట్టుండి ముట్టుకోనివ్వకుండా ఏడుస్తుంటే అనుమానించండి. పొక్కులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి, కొన్నిటికి నడుమ చిన్న గుంట కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో అవి చితికి, పొగాకు చుట్టతో కాల్చినట్లు గుండ్రని చిన్న పుండ్లవుతాయి, పైన నల్లని చెక్కు కడుతుంది. జ్వరం ఉంటుంది, మెడలో బిళ్లలు కడతాయి, బిడ్డ వాడిపోతాడు. ముత్యాల వంటి గట్టి బుడిపెలు నొప్పి, జ్వరం లేకుండా నెలల తరబడి ఉంటే అది వేరే వైరస్, దానికి ఇంత కంగారు అక్కరలేదు.

ఈ గుర్తులు కనబడితే ఆ రోజే వెళ్లాలి. "ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దాం" అనుకోవద్దు. కంటి దగ్గర గాని ముక్కు మీద గాని పొక్కు ఉంటే రాత్రయినా వెళ్లాలి, ఎందుకంటే కంటి నల్లగుడ్డు మీద పుండు పడితే మచ్చ మిగిలి చూపు పోతుంది. మందు ఉన్నది. దాని పేరు ఎసైక్లోవిర్. ఆ మందు పరిశోధనలో ముఖ్యురాలైన గెర్ట్రూడ్ ఎలియన్ అనే స్త్రీకి 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ మందు లేని రోజుల్లో ఈ జబ్బుతో పిల్లలు చనిపోయేవారు. జబ్బు తక్కువగా ఉంటే నోటి ద్వారా, ఎక్కువగా ఉంటే ఆసుపత్రిలో ఉంచి నరానికి ఇస్తారు. ఎంత ఇవ్వాలో బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పాలి గాని మందుల షాపు వారు కాదు. పుండ్లలో చీము చేరితే దానికి వేరే మందు కూడా కలుపుతారు.

గౌతమి మీద యానాం, ఎదుర్లంకల నడుమ 2002లో వంతెన రాకముందు కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే పంటు కోసం రేవులో కాచుకోవాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. అమలాపురంలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది, వైద్య కళాశాల ఉన్నది. వెళ్లగానే "మా బిడ్డకు ముందు నుంచీ ఎగ్జిమా ఉన్నదండీ, ఈ పొక్కులు కొత్తగా వచ్చాయి" అని ఆ రెండు మాటలూ కలిపి చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక ఆ ట్యూబు సంగతి. తామర వేరు, ఎగ్జిమా వేరు. తామర బూజు వలన వచ్చేది. ఎగ్జిమా ఎవరికీ అంటదు. అయినా షాపుల్లో రెంటికీ ఒకే ట్యూబు చేతిలో పెడతారు. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డాక్టరు చెప్పినట్లు వాడితే ఎగ్జిమాకు అది మంచి మందే, దానిని నేను తిట్టడం లేదు. వైరస్ పొక్కుల మీద మాత్రం ఎవరికి వారే పూయకూడదు. పొక్కులు మానాక డాక్టరు మళ్లీ మొదలుపెట్టమంటే భయపడకండి. పసుపు ముద్ద, ఎర్రమన్ను, వేపాకు నూరినది, ఏదీ పచ్చిపుండు మీద వద్దు. మన కొబ్బరినూనె కూడా అప్పుడు వద్దు. పుండ్లు మానిన తరువాత స్నానం కాగానే తడి ఆరీ ఆరకముందే ఒళ్లంతా రాయండి, ఎగ్జిమా చర్మానికి అది మేలు చేస్తుంది.

పొక్కులు పూర్తిగా చెక్కు కట్టి ఎండే వరకు బిడ్డకు తువ్వాలు, పక్కగుడ్డలు వేరుగా ఉంచండి. గోళ్లు కత్తిరించండి. చంటిపిల్లల దగ్గరికి, ఎగ్జిమా ఉన్న వేరే పిల్లల దగ్గరికి పోనివ్వకండి. సండే స్కూలు ఆ కొన్నాళ్లు మానిపించండి. అంతేగాని ఇంటిని వెలివేసినట్లు చూడవలసిన పని సంఘానికి లేదు. పత్యం పేరుతో కడుపు మాడ్చకండి. గంజి, కొబ్బరినీళ్లు, బిడ్డ ఏది తాగితే అది ఇవ్వండి.

ఆ సహోదరి అన్న మాటకు జవాబు చెప్పాలి గదా. రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం తెరచి చూడండి. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు విన్నానన్నాడు, ఆయుష్షు పొడిగిస్తానన్నాడు. ఆ వర్తమానం తెచ్చిన యెషయా ప్రవక్తే ఆ తరువాత అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన విన్న తరువాత మందెందుకని ఆ రాజు అడగలేదు. మీరు ఆసుపత్రి వరండాలో కూర్చొని చేసిన ప్రార్థన కూడా ప్రార్థనే తల్లీ. ఆ సహోదరి మీద కోపం పెట్టుకోవద్దు, ఈసారి ఆమెను కూడా ఆసుపత్రికి తోడు తీసుకొని వెళ్లండి.

మీ రెండవ ప్రశ్న. మళ్లీ రావచ్చు. ఒకసారి ఒంట్లో చేరిన ఈ వైరస్ నరాల్లో దాగి జీవితాంతం ఉంటుంది. అయితే రెండవసారి సాధారణంగా తీవ్రత తక్కువగా ఉంటుంది. ఎగ్జిమాను రోజూ అదుపులో ఉంచడమే దానికి అడ్డుకట్ట. మాటిమాటికీ వచ్చేవారికి రాకుండా ముందుగా వాడే మాత్రలు డాక్టర్లు ఇస్తారు. ఈసారి మొదటి పొక్కుకే మీరు గుర్తుపడతారు గదా, మూడు రోజులు పోవు.

మరొక సంగతి మీరు ఉత్తరంలో సగం వ్రాసి కొట్టివేశారు, అయినా చదవగలిగాను. ఆ వారం అత్తగారికి మూతి పేలి ఉన్నదని, ఆ మాట ఆమెతో ఎలా అనాలని. అనవద్దు. ఈ పేజీ ఆమెకు చదివి వినిపించండి.

అమ్మా, పెద్దవారు మీరు. మనవడిని ముద్దాడినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. ఈసారి పెదవి మీద పొక్కు లేచినప్పుడు అది ఎండేదాకా వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకోండి, కథలు చెప్పండి, తల నిమరండి. ముద్దు మాత్రం పది రోజులు బాకీ ఉంచండి.