స్నాక్స్ బాక్సులో కుడుము



వినాయక చవితి మర్నాడు మా క్లాసులో ఒక పాప బాక్సు మూత సగమే తీసి, చాటుగా పూర్ణం కుడుము తింటోంది. పక్కన క్రీమ్ బిస్కెట్లు తినేవాళ్లకు ఆ బెరుకు లేదు. 'స్వీట్లు తేవద్దు' అని డైరీలో రాయించింది నేనే. బిస్కెట్ల సంగతి రాయించలేదు.

కుడుములో ఉండేది బియ్యప్పిండి, శనగపప్పు, బెల్లం, కొబ్బరి. ఆవిరి మీద ఉడుకుతుంది కనుక బూరెలా నూనె పీల్చదు. వంద గ్రాముల పచ్చి శనగపప్పులో దాదాపు 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. బెల్లం మాత్రం చక్కెర లాంటిదేనండీ, ఐరన్ వస్తుందని నాలుగు పెట్టకండి. పప్పు పెంచి, బెల్లం తగ్గించి చేస్తే రెండు చాలు.

ఈ చవితికి పంపండి. మూత పూర్తిగా తీసి తినమనండి.