వేప్ అడుగుడు కాదు, వంద గజాలు కొలుద్దాం



"బయటి దేశాలల్ల వేప్ మామూలు షాపులల్లనే దొరుకుతది, సిగరెట్ కంటే నయం, మన దగ్గరెందుకు ఆపిండ్రు?" అని హాస్టల్‌లో రోజూ వాదన. నా జవాబు ఇది.

బ్రిటన్ సంగతే చూడుండ్రి. సిగరెట్ మానిపిస్తదని వేప్‌ను ప్రోత్సహించిండ్రు. పిల్లలకు అలవాటైంది, చెత్త పెరిగింది. వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి నిషేధించిండ్రు. మన దేశం 2019లోనే ఈ-సిగరెట్ల అమ్మకమే ఆపింది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం ఉండాల్సిందే.

నా కోపం ఇంకోటి. మనల్ని పట్టేది వేప్ కాదు, విడి సిగరెట్. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మొద్దు. మా గేటు ఎదురుగానే డబ్బాల అమ్ముతున్నరు. విడిగా కొంటే పెట్టె మీది హెచ్చరిక బొమ్మ కూడా కండ్లబడదు.

గోదావరిఖనిల బాయి దిగే కార్మికుడు బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకపోవద్దు. గ్యాస్ ఉంటది, ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ అంత కాపలా. మన ఊపిరితిత్తులకు కాపలా ఎవరు?

మా అమ్మ ఎండల తునికాకు తెంపుతది. యాభై ఆకులకు ఒక కట్ట. ఆ ఆకు బీడీకే పోతదని నాకు తెలుసు. మన తల్లుల చెమట తీసుకున్న పొగాకు వ్యాపారం ఇప్పుడు మన రొమ్ములు కూడా అడుగుతున్నది. ఇద్దామా?

వంద గజాలంటే సుమారు 91 మీటర్లు. ఆదివారం టేపు పట్టుకొని గేటు నుంచి డబ్బా దాకా కొలుద్దాం. సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కు, ప్రిన్సిపాల్ సార్‌కు దరఖాస్తు ఇద్దాం. మొదటి సంతకం నాది. వచ్చేటోళ్లు కింద పేరు రాయుండ్రి.