పొలం లేని బిడ్డకు వ్యవసాయ శాస్త్రం

1942 అక్టోబరులో, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ అంబేడ్కర్ ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇచ్చారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులు దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదవడానికి ఏటా 2 లక్షల రూపాయలు, అదే చదువు విదేశాల్లో చదవడానికి ఏటా లక్ష రూపాయలు కేటాయించమని అందులో అడిగారు. ఆర్ట్స్, లా డిగ్రీలతో మన బతుకులు పెద్దగా మారవు, సైన్సులో పైచదువులు కావాలి అన్నది ఆయన వాదన. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వెనక ఉన్నది ఆ ఒత్తిడే. ఎనభై ఏళ్లు దాటాక ఆ వాదన ఎక్కడిదాకా వచ్చిందో చూడాలంటే ఐఐటీల దాకా పోనక్కర్లేదు. నల్లమల కింద మహానందిలో చూస్తే చాలు.

మహానంది అంటే గుడి, కోనేరు, అరటి తోటలు గుర్తొస్తాయి. అక్కడ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ కళాశాల కూడా ఉంది, 1991 నుంచి. పక్కనే నంద్యాలలో 1906 నాటి వ్యవసాయ పరిశోధన స్థానం. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర పుట్టింది అక్కడే. కరువు సీమకు సైన్సు అంటే ముందు ఇదే: ఏ విత్తనం తక్కువ తడికి తట్టుకుంటుంది, ఏ పురుగు ఎప్పుడు వస్తుంది.

ఈ సైన్సుకు దగ్గరగా బతికేది ఎవరు? కర్నూలు, నంద్యాల ప్రాంతంలో హైబ్రిడ్ పత్తి విత్తనాల తోటల్లో 'క్రాసింగ్' పనికి ఏళ్ల తరబడి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, బడి మాన్పించి తీసుకెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల ఇళ్ల పిల్లలే. సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అంటించడం వాళ్ల పని. వ్యవసాయ కళాశాలలో మొక్కల ప్రజననం ప్రాక్టికల్స్‌లో నేర్పేది సరిగ్గా ఇదే. ఒకచోట దానికి మార్కులు వేస్తారు, ఇంకోచోట దినకూలి ఇస్తారు.

ఇక తలుపు సంగతి. వ్యవసాయ బీఎస్సీ ప్రవేశాల్లో 40 శాతం రైతు కోటా చాలాకాలంగా ఉంది. పల్లెలో చదివుండాలి, ఇంటికి కనీసం ఎకరం పొలం ఉండాలి. ఎస్సీలకు వేరే రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ సేద్యం తెలిసిన ఇంటి బిడ్డ అని ప్రాధాన్యం ఇస్తున్నప్పుడు, దాన్ని పొలంలో పనిచేసే చేతికివ్వకుండా పాసుపుస్తకానికి ఎందుకు ఇవ్వాలి? భూమి లేకపోవడమే దళిత వాడ చరిత్ర అయినచోట ఇది చిన్న నిబంధన కాదు. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2025లో కూలీల పిల్లలకు 15 శాతం సీట్లు ప్రకటించింది. కృష్ణ దాటి ఇటు రావడానికి దానికి అడ్డేమిటో తెలియదు.

తలుపు దాటి, బీఎస్సీ, ఎమ్మెస్సీ అయ్యి, పీహెచ్‌డీ దాకా వచ్చిన వాళ్ల లెక్క మరీ విచిత్రం. ఎస్సీ జాతీయ ఫెలోషిప్ (పాత పేరు రాజీవ్ గాంధీ ఫెలోషిప్) ఏటా 2,000 మందికి. అందులో సైన్సు వాటా 500, మిగతా 1,500 మానవ, సామాజిక శాస్త్రాలకు. అంబేడ్కర్ అడిగిన దానికి ఇది దాదాపు తలకిందుల లెక్క. సామాజిక శాస్త్రాల వాటా తగ్గించమని ఎవరూ అనడం లేదు, నేనసలే అనను. సైన్సు వాటా పెంచమనే.

మొదట్లో ఈ ఫెలోషిప్ పీజీ మార్కుల మీద ఇచ్చేవారు. తర్వాత నెట్‌కు ముడిపెట్టారు. చాలామంది గమనించని మెలిక అక్కడుంది. యూజీసీ నెట్‌లో వ్యవసాయం సబ్జెక్టే లేదు. సీఎస్ఐఆర్ నెట్‌లో ఉన్నవి ఐదే: రసాయన, భూ, జీవ, గణిత, భౌతిక శాస్త్రాలు. వ్యవసాయానికి వేరే నెట్ ఉంది, ఐసీఏఆర్ వాళ్లది. అది అధ్యాపక అర్హత ఇస్తుంది, ఫెలోషిప్ ఇవ్వదు. అంటే నేలశాస్త్రమో సస్యశాస్త్రమో చదివిన దళిత విద్యార్థి, తన సిలబస్ కాని జీవశాస్త్రాల పరీక్షలో బయోటెక్నాలజీ వాళ్లతో పోటీపడాలి. లేదంటే ఐసీఏఆర్ ఇచ్చే కొద్ది ఫెలోషిప్పుల కోసం చూడాలి. ఇలా రాలిపోయిన వాళ్లను ఏ జాబితాలోనూ లెక్కపెట్టరు.

వచ్చిందే అనుకుందాం. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. మొత్తం చూస్తే మంచిదే. చిక్కంతా వచ్చే తేదీతో. గ్రంథాలయంలో చేసే పరిశోధన మూడు నెలలు ఆగినా మళ్లీ అందుకోవచ్చు. పొలంలో చేసేది అలా కాదు. జూన్, జులైలో వాన పడ్డప్పుడు విత్తాలి, కలుపు కూలి ఇవ్వాలి, మట్టి నమూనాలు పరీక్షకు పంపాలి. డబ్బు అక్టోబరులో వస్తే ఖరీఫ్ పోయినట్టే, మళ్లీ ఏడాది ఆగాలి. సాధారణంగా రెండేళ్ల పంట డేటా కావాల్సిన థీసిస్‌లో ఒక సీజను పోవడం అంటే ఐదేళ్ల ఫెలోషిప్‌లో ఐదో వంతు. ఇంట్లో అప్పు పుట్టేవాళ్లు ఆ సీజను దాటేస్తారు, పుట్టనివాళ్లు ఎక్కడో ఎరువుల కంపెనీలో చేరిపోతారు. విదేశీ స్కాలర్‌షిప్‌దీ అదే తీరు: 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తరాలిచ్చి, మిగతావాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు.

డబ్బు తర్వాత గైడు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేష్ ప్రాణాలు తీసుకున్నారు. ఒకరిది భౌతికశాస్త్రం, ఒకరిది రసాయనశాస్త్రం. ఇద్దరికీ సరైన గైడును కేటాయించలేదన్నది అప్పుడు బయటపడ్డ విషయం. కార్ల్ సేగన్‌లా సైన్సు రాయాలనుకున్న రోహిత్ వేముల 2016లో పోయేనాటికి నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు. సైన్సులో ల్యాబ్ తాళం, రసాయనాల ఇండెంటు, పేపర్ మీద పేరు, సిఫార్సు ఉత్తరం అన్నీ గైడు చేతిలోనే. సీటుకు రిజర్వేషన్ ఉంది గానీ గైడు ఇష్టానికి లేదు.

కాబట్టి అడగాల్సినవి కూడా ఆ మేరకు ఉండాలి. ఎస్సీ ఫెలోషిప్‌కు ఐసీఏఆర్ నెట్‌నూ అర్హతగా గుర్తించడం ఢిల్లీ పని. ఫెలోషిప్ ఆలస్యమైతే జూన్‌లోనే విశ్వవిద్యాలయం అడ్వాన్సుగా ఇచ్చి, తర్వాత రాబట్టుకోవడం గుంటూరు లాంలో తేలాల్సిన పని. చేరిన నెల రోజుల్లో గైడును రాతపూర్వకంగా కేటాయించడం కూడా అంతే. మహానంది బీఎస్సీ విద్యార్థులు వేసవిలో రెండు నెలలు నంద్యాల పరిశోధన స్థానంలో స్టైపెండ్‌తో పనిచేసే ఏర్పాటుకు పెద్ద ఖర్చు కూడా కాదు. కూలీల పిల్లల కోటా మాత్రం రాష్ట్ర ప్రభుత్వం తలచుకోవాలి. వచ్చే ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్ పడ్డాక అడిగితే, ఈసారికి అయిపోయింది అంటారు. విద్యార్థి సంఘాలు ఈ డిసెంబరు లోపే మహానంది, తిరుపతి, బాపట్ల కళాశాలల నుంచి ఒకే వినతిపత్రం పంపితే బాగుంటుంది.