కాందిశీకుల చావుపుట్టుకలు లెక్కలోనివి కావా?

గత కార్యవర్గ సమావేశమున ఒక పెద్ద లేచి, "శిబిరమువారి చావుపుట్టుకలు శిబిరపు అధికారులు చూచుకొందురు. మన సంఘమునకు ఈ గొడవ ఏల? నేడు పేరు వ్రాయించినచో రేపు పౌరసత్వ మడుగుదురు" అని సెలవిచ్చిరి. నలుగురైదుగురు తలలూపిరి. వ్యవహారము వాయిదా పడినది. మేమును ఆనాడు నోరు మెదపక యుంటిమి. అది మా తప్పు. దానిని దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సంగతి తెలియనివారికి ముందుగా మనవి చేయుదుము. 1983 జూలైలో శ్రీలంకలో జరిగిన ఘోరముల తరువాత అచ్చటి తమిళులు వేలాదిగా సముద్రము దాటి ఈ రాష్ట్రమునకు వచ్చిరి. నేటికిని తమిళనాడులో వారి శిబిరములు నూటికి పైగా కలవు. మన తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్న గుమ్మిడిపూండిలోనే ఒక పెద్ద శిబిరమున్నది. 2021లో ప్రభుత్వము వీనిని "పునరావాస శిబిరము"లని పిలువ నారంభించినది. మన యిండ్లకు రంగులు వేయువారును, మన దుకాణములలో మూటలు దించువారును వారిలో ననేకులు.

అట్టి శిబిరవాసి యైన ఒక వృద్ధుడు రెండేండ్ల క్రిందట వైద్యము కొరకు అనుమతి పొంది పట్టణమునకు వచ్చి, మన సంఘపు సత్రములో బస చేసి, ఆ రాత్రియే కన్నుమూసెను. మన నిర్వాహకుడు పోలీసుల విచారణకు భయపడి, తెల్లవారక మునుపే బాడుగ బండిలో శవమును శిబిరమునకు పంపివేసెను. మరణము సంగతి ఏ కార్యాలయమునకును తెలుపలేదు. భార్య శిబిరమున్న గ్రామమున అడుగగా, మరణము ఇచ్చట జరుగలేదు గనుక ఇచ్చట వ్రాయ వీలులేదనిరి. పట్టణములో అడుగగా సత్రమువారి చీటీ తెమ్మనిరి. సత్రమునకు రాగా మనవారు, మాకేమియు తెలియదనిరి! మన్నారు ప్రాంతమున భర్త పేర నున్న ఇంటిస్థలము తనదని చెప్పుకొనుటకు ఆమెకు మరణపత్రము కావలెను. నేటికిని ఆమె తిరుగుచునే యున్నది. సమావేశమున చర్చకు వచ్చినది ఈమె అర్జీయే.

ఇది దయాధర్మముల ప్రశ్న యని కొందరనుకొనుచున్నారు. కాదు, ఇది చట్టపు ప్రశ్న. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ఈ దేశములో జరిగిన ప్రతి జననమును, ప్రతి మరణమును వ్రాయవలెనని శాసించుచున్నది. పుట్టినవాడు ఏ దేశపు పౌరుడని అది అడుగదు. ఇంట జరిగినచో ఇంటి పెద్దయు, ఆసుపత్రిలో జరిగినచో అచ్చటి వైద్యాధికారియు తెలుపవలెను. సత్రము, చావడి, ధర్మశాల మున్నగు చోట్ల జరిగినచో ఆ స్థలమునకు బాధ్యుడైనవాడు తెలుపవలెను. సత్రమను మాట చట్టములోనే యున్నదయ్యా! తెలుపకుండుటకు జరిమానా కలదు. కావున నేరము ఆ వితంతువుది కాదు, మనది. మనము ఆమెకు ఉపకారము చేయనక్కరలేదు, మన బాకీ తీర్చిన చాలును.

ఇక పౌరసత్వపు భయము. జనన పత్రము పౌరసత్వపు పత్రము కాదు. ఎవడు, ఎన్నడు, ఎచ్చట, ఎవరికి పుట్టెనో అది చెప్పును, అంతే. ఎవడు పౌరుడో చెప్పునది 1955 నాటి పౌరసత్వ చట్టము. దాని ప్రకారము 1987 జూలై 1కి ముందు ఇచ్చట పుట్టినవారు సాధారణముగా పుట్టుకచేతనే పౌరులు. ఆ తరువాత పుట్టినవారికి తలిదండ్రుల పౌరసత్వమును బట్టి నిర్ణయము. 2004 డిసెంబరు నుండి ఆ నిబంధన మరింత బిగిసినది. ఏ గుమాస్తా కలమైనను ఈ తేదీలను మార్పగలదా? మండపం శిబిరమున 1987కు ముందు పుట్టిన ఒక స్త్రీకి పాస్‌పోర్టు ఇవ్వవలెనని 2022లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనము ఆదేశించినది. ఆమెకు హక్కు నిచ్చినది చట్టము. జనన పత్రము దానికి సాక్ష్యము పలికినది. సత్యమునకు సాక్ష్యము దొరకునని భయపడువాడు న్యాయము కోరువాడు కాడు.

"వారు తిరిగి వారి దేశమునకు పోవలె"నని వాదించువారికి ఒక ప్రశ్న. పోవుట యెట్లు? విదేశమున పుట్టిన బిడ్డ శ్రీలంక పౌరుడగుటకు ఆ జననమును ఆ దేశపు రాయబార కార్యాలయమున నమోదు చేయింపవలెనని వారి పౌరసత్వ చట్టము చెప్పుచున్నది. దానికి ఇచ్చటి జనన పత్రమే ఆధారము. పత్రము లేని బిడ్డ ఈ దేశమువాడు కాడు, ఆ దేశమువాడును కాడు. ఉండుమనువారికిని, పొమ్మనువారికిని ఈ కాగితము ఒక్కటే దారి. అది వలదనువారు ఏ పక్షమువారో మాకు బోధపడుట లేదు.

"ఆధార్ లేనిదే వ్రాయము" అని కొన్నిచోట్ల త్రిప్పి పంపుచున్నారట. 2023లో సవరించిన చట్టము తలిదండ్రుల ఆధార్ సంఖ్యను "ఉన్నచో" ఇమ్మన్నది గాని, లేనివారిని వెళ్లగొట్టుమనలేదు. ఆ సవరణ 2023 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. ఆనాటి నుండి పుట్టిన బిడ్డకు బడిలో చేరుట మొదలు ఉద్యోగము వరకు పుట్టిన తేదీకి జనన పత్రమే రుజువు. ఇట్టి కాలమున పత్రము లేకుండ చేయుట బిడ్డకు బడి తలుపు మూయుటయే.

కావున శిబిరమువారు మీకడ పనిచేయుచున్నచో ఈ సంగతులు చెప్పుడు. జననమైనను మరణమైనను 21 దినములలో, అది జరిగిన చోటి రిజిస్ట్రారునకు తెలుపవలెను. పేరు పెట్టలేదని ఆగనక్కరలేదు, బిడ్డ పేరు తరువాత చేర్పవచ్చును. తెలిపినవారికి నకలు ఉచితము. 21 దినములు దాటి 30 లోపలనైనచో ఆలస్యపు రుసుము చాలును. ఆపైన ఏడాది వరకు పై అధికారి అనుమతి కావలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు తేవలెను. మన సత్రపు నిర్లక్ష్యము ఆ వితంతువును ఈ కడపటి మెట్టునకు నెట్టినది.

1942లో రంగూను విడిచి అడవిదారిని నడచి వచ్చినవారును, 1964లో దుకాణములు జాతీయము కాగా ఓడలెక్కి వచ్చినవారును మన తెలుగువారిలో లేరా? విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. దారిలో రాలిపోయినవారి చావులు ఏ పుస్తకమున నున్నవి? జనాభా లెక్కలో మాతృభాష సరిగా వ్రాయింపుడని ఇంటింటికి తిరిగిన మనకు, వ్రాతలో లేనివాడు లేనివాడే యగునని వేరొకరు చెప్పవలెనా?

రాబోవు సమావేశమున మేము రెండు తీర్మానములు ప్రతిపాదింతుము. ఆ వృద్ధుడు మన సత్రమున ఏ తేదీన మరణించెనో వ్రాసి, కార్యదర్శి సంతకముతో వితంతువునకు చీటీ నిచ్చుట మొదటిది. ఇకమీదట సత్రమున జరుగు జనన మరణములకు ఒక పుస్తకము పెట్టి, గడువు లోపల రిజిస్ట్రారునకు తెలుపుట రెండవది. వీనిని కాదనువారు లేచి, ఆ రాత్రి మన సత్రమున ఎవరును చనిపోలేదని సభాముఖమున చెప్పుదురు గాక. అట్లు చెప్పగలవారు మనలో ఒక్కరును లేరని మా నమ్మకము.