ఆరోగ్యచర్చ: మూలకణ చికిత్స

గతమాసమున మా చాపాటిలో నొక పొరుగింటి యిల్లాలు వచ్చి, “అక్కా, కాలువక్రింది మడి యమ్మి బిడ్డకు మూలకణములు వేయింపఁదలఁచితిమి, మీరేమందురు?” అని మమ్మడిగినది. పుట్టినపుడే మెదడు దెబ్బతిన్న యా బాలునకు ఐదేండ్లు నిండినను మెడ నిలువదు. మూడు సూదులతో నడక వచ్చునని పట్టణమునుండి తెచ్చిన కాగితమున నున్నది. (వెల మాత్రము మిక్కిలి చిన్న యక్షరములలో నున్నది.)

సోదరీమణులారా! మూలకణములు బూటకము గావు. ఇతర కణములుగా మాఱఁగల విత్తనమువంటి కణము లివి. హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 మొదలు, సున్నము పడి చెడిన కంటికై, బాగున్న కంటి యంచునుండి రవంత గైకొని, మాయపొరమీఁద నారువోసినట్లు పెంచి నాటుచు వచ్చిరి. పలువురకు చూపు వచ్చినది. కాన్పు కాఁగానే మనము పాతిపెట్టించు మాయ యింతటి పనికి వచ్చునని మే మెఱుఁగము!

కాని కంటిపొర వేఱు, మెదడు వేఱు. మెదడునఁ జేరిన కణము బ్రదుకుటయే చాలదు. వేలకొలఁది నరపుఁదీఁగెలతోఁ దగినచోట ముడిపడవలెను. అది యింకను పరిశోధనలోనే యున్నది. నెత్తుటి వ్యాధులకుఁ జేయు మూలుగ మార్పిడివంటివి దప్పఁ దక్కినవానిని అనుమతి పొందిన పరిశోధనగానే జరుపవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమించినది. పరిశోధనయే యైనచో రోగియొద్ద వెల గైకొన నేల?

ఈ ప్రశ్ననే యడిగి రమ్మంటిమి. అంతదనుక బిడ్డకు అంగవ్యాయామము మానరాదంటిమి. ఆమె మాటాడక కాగితము మడిచి కొంగున ముడివేసికొనినది. మడి యింకను అమ్మలేదు. పెనిమిటి సోమవారము పట్టణమునకుఁ బోవునఁట.